పాడరాని కవిత

పదిహేనేళ్ళ కిందటి మాట. నల్గొండలో ఒక కవి సమ్మేళనానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. అధ్యక్షుడంటే మీకు తెలియనిదేముంది? అందరి కవితలూ ఆసాంతం వినక తప్పనివాడు. శ్రోతలు మధ్యలో లేచి టీ తాగి రావచ్చు. కవులు తమ వంతు కాగానే బస్సు వేళయిందని జారుకోవచ్చు. అధ్యక్షుడికి ఆ సౌకర్యం లేదు.

ఆ రోజు కవులు ఇరవై ఇద్దరు. శ్రోతలు అంతకంటె కొంచెం తక్కువ. ముందు వరసలో భుజాన గొంగడి వేసుకున్న పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ఎవరి తాలూకు మనిషో తెలీదు. బయట ఎండ తాళలేక లోపలికి వచ్చాడు కాబోలు అనుకున్నాను.

ఒక యువకుడు లేచి తమ ఊరి కరువు మీద వచన కవిత చదివాడు. బాగా రాశాడు, బాగా చదివాడు. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు ఆగాక పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"బిడ్డా, మంచిగ చెప్పినవు. గిది పాడరాదా?"

"ఇది పాట కాదు తాతా, వచన కవిత."

"వచనమంటే?"

"అంటే... మనం మామూలుగా మాట్లాడుకునేది."

"మాట్లాడేటిదైతే అందరం మాట్లాడుతనే ఉన్నం గద! పాడకపోతే మాకెట్ల యాదుంటది?"

సభంతా నవ్వింది. కుర్రవాడు నా వంక చూశాడు. ఇలాంటి ఆపద సమయాల్లో ఆదుకోవడానికే అధ్యక్షుడనేవాడు ఉంటాడు గనక, "కాలాన్ని బట్టి ప్రక్రియలు మారుతుంటాయి పెద్దయ్యా" అని ఏదో అన్నాను. ఆయన మర్యాదస్తుడు, తల ఊపి కూర్చున్నాడు. ఆయన ఒప్పుకోలేదని నాకు తెలుసు. మరి నేను మాత్రం ఒప్పుకున్నానా? ఆ ప్రశ్న నాతోబాటు ఇంటికొచ్చింది.

అసలు పేరులోనే పేచీ ఉంది. వచనమైతే కవిత ఎలా అవుతుంది, కవితయితే వచనమెందుకవుతుంది? శిష్ట్లా ఉమామహేశ్వరరావు, పఠాభి లాంటివాళ్ళు ఛందస్సును బాహాటంగా ఎదిరించిన రోజుల నుంచీ ఈ తగాదా సాగుతూనే ఉంది. పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' 1939 నాటిది. ఆ తర్వాత కుందుర్తి ఆంజనేయులు వచన కవిత కోసం ఒక ఉద్యమమే నడిపాడు. ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టాడు. పుట్టింది గుంటూరు జిల్లాలోనైనా, మన పోరాటం మీద 'తెలంగాణ' అనే కావ్యం రాశాడు. 'కుందుర్తి కృతులు'కు 1977లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వచన కవిత సామాన్యుడికి అందేదని ఆయన నమ్మకం. పద్యానికి పండితుడు కావాలి, వచనానికి చెవులుంటే చాలని వాదం.

వాదం బాగానే ఉంది. కానీ ముందు వరసలో కూర్చున్న సామాన్యుడే లేచి, నాకిది అందలేదు మొర్రో అంటే ఏం చెయ్యాలి?

పెద్దాయన పక్షాన కొంచెం ఆలోచించాను. మా వైపు రాజకీయమన్నది కవిత్వంలోకి మొదట పద్యం మీద ఎక్కి వచ్చింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు 354 మంది కవుల్ని వరసగా నిలబెట్టి జవాబు చెప్పాడు. అందులో రాజును ధిక్కరించిన పద్యం ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో అంతమంది తెలుగులో రాస్తున్నారని చూపడమే రాజకీయం. అక్కడ ఛందస్సు ఒక హోదా. మేమూ ఉన్నాం అనే దస్తావేజు.

తర్వాత పాట వచ్చింది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో నల్గొండ పల్లెల్ని కదిలించింది పాటే. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి లాంటి వాళ్ళు కట్టిన పాటలు అచ్చు కాకముందే ఊళ్ళు దాటాయి. హనుమంతు గొల్లసుద్దుల్ని, బుర్రకథను సంఘం పనికి వాడుకున్నాడు. కాగితం దొరికితే పోలీసులు పట్టుకుంటారు. నోట్లో పాటను ఎవరు జప్తు చేస్తారు? అక్షరం రానివాడు కూడా మోసుకుపోగలిగిన ఆయుధం అది. పెద్దాయన ఆ పాటలు వింటూ పెరిగినవాడు. ఆయన దృష్టిలో పాడరాని కవిత అంటే పిడి లేని కొడవలి.

మరి ఇంత మంచి పాట చేతిలో ఉండగా మనకు వచనం ఎందుకు కావలసి వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు, మీరు నవ్వకండి, నాకు జర్మనీలో దొరికింది. నేను జర్మనీ వెళ్ళలేదు లెండి. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు అమ్ముతారు చూడండి, అక్కడిదాకా వెళ్ళాను. అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు అనువాదాల సంపుటం ఒకటి కొన్నాను. అందులో గుంటర్ ఐష్ అనే కవి కనపడ్డాడు.

ఐష్ 1907లో పుట్టి 1972లో పోయాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుడు. యుద్ధం ముగిసేటప్పటికి అమెరికన్ల చేతిలో యుద్ధఖైదీ. ఆ అనుభవం మీద ఆయన రాసిన కవిత ఒకటి ఉంది. జర్మన్‌లో దాని పేరు 'ఇన్వెంటూర్'. అంటే సామాను లెక్క. కిరాణా దుకాణాల్లో ఏడాదికోసారి తీసే స్టాకు లెక్క లాంటిదే. అందులో ఉన్నది కూడా అదే. టోపీ, కోటు, గడ్డం గీసుకునే సామాను, పళ్ళెంగానూ గ్లాసుగానూ పనికొచ్చే ఒక డబ్బా, పెన్సిలు ముక్క. విశేషణాలు దాదాపు లేవు, విలాపం లేదు, దేశమాత లేదు. అచ్చులో పొట్టి పొట్టి పాదాలుగా విరిగి ఉంటుంది గానీ, మాట మాత్రం ఖాళీ జేబులు తడుముకుంటున్న మనిషి మాట.

ఎందుకంత బీద శైలి? కారణం ఉంది. నాజీల పన్నెండేళ్ళలో అక్కడ పాటకు కొరత లేదు. కవాతుకు పాట, పిల్లలకు పాట, రేడియోలో పాట. నెత్తురు, నేల, జాతి, త్యాగం వంటి మాటలన్నీ తాళానికి అడుగులు వేశాయి. యుద్ధం పోయాక నిజాయితీ గల కవికి ఆ తాళమంటేనే భయం వేసింది. 1947లో కొందరు రచయితలు 'గ్రూప్ 47' అని ఒక బృందంగా చేరారు. ఆ ధోరణికి వోల్ఫ్‌గాంగ్ వైరౌఖ్ 1949లో ఒక పేరు పెట్టాడు. అడవిని మొదలంటా నరికి చదును చెయ్యడమని దాని అర్థం. పాత భాషను నరికేసి, మిగిలిన మొద్దుల మధ్య కొత్తగా నాటుకోవాలన్న మాట. ఆ బృందం మొదటి బహుమతి 1950లో ఐష్‌కే ఇచ్చింది. ఆయన మచ్చలేని మనిషేమీ కాదు. నాజీల కాలంలో అదే రేడియోకు బోలెడు రాసినవాడు. బహుశా అందుకేనేమో, తియ్యటి భాష ఎంత ప్రమాదమో ఆయనకు బాగా తెలుసు. 1959లో బ్యూఖ్‌నర్ బహుమతి అందుకుంటూ చేసిన ప్రసంగంలో, అధికారం భాషను తన చెప్పుచేతల్లో పెట్టుకునే తీరు మీదే విరుచుకుపడ్డాడు.

తర్వాత తర్వాత ఐష్ ఆ పొట్టి పాదాల్ని కూడా వదిలేశాడు. 1968లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉన్నవన్నీ చిన్న చిన్న పేరాలు. అచ్చంగా వచనం. నేల కింద సొరంగాలు తవ్వుకుంటూ బతికే ఒక చిన్న జంతువు పేరు ఆ పుస్తకానికి పెట్టాడు. ఆ ఏడు విద్యార్థులు జర్మనీ వీధుల్లో నినాదాలు ఇస్తున్నారు. ఈయన పేరాలేమో ఒక వాక్యానికీ మరో వాక్యానికీ పొత్తు కుదరనట్టు, వేళాకోళంగా, చిలిపిగా ఉన్నాయి. ఇందులో రాజకీయమేదీ అని కొందరికి సందేహం. ఏ యజమానికీ పనికిరాకుండా వాక్యాన్ని రాయడమే ఆయన రాజకీయం.

ఇక్కడ ఆగి మన సంగతి చూసుకుందాం. అక్కడ తాళం శత్రువు చేతిలో పడి మైలపడింది గనక కవి వచనంలోకి పోయాడు. మన దగ్గర తాళం మన చేతిలోనే ఉంది. దొర గడీలో పుట్టింది కాదు పాట, గడీ బయట పుట్టింది. మన దగ్గర మైలపడ్డది వచనమే! ఆలోచించండి. నిజాం కాలంలో పల్లెటూరి రైతుకు ఎదురైన వచనం ఏది? పట్వారీ దఫ్తరం, లెవీ గల్లా నోటీసు, జప్తు కాగితం, పంచనామా. తనకు రాని భాషలో రాసి, తనచేత వేలిముద్ర వేయించుకున్న వచనం. అలాంటి జనానికి వచన కవిత అనగానే కొంచెం ఎడం జరగాలని అనిపిస్తే తప్పేముంది?

అంచేత, జర్మన్లు చేశారు గనక మనమూ చేద్దామనే వాదం నిలవదు. శైలికి సొంత రాజకీయం ఉండదు. ఒకచోట విప్లవమైన శైలి ఇంకొకచోట ఫ్యాషన్ కావచ్చు. అయితే ఐష్ దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటుంది. ఆయన వట్టి వచనం రాయలేదు. ఒకరి వచనాన్ని అరువు తెచ్చుకున్నాడు. సామాను లెక్క ఎవరు రాస్తారు? సైన్యంలో స్టోరు గుమాస్తా. ఆ గుమాస్తా భాషను తీసుకొని, అన్నీ పోగొట్టుకున్న ఖైదీ నోట్లో పెట్టాడు. లెక్క తీసే అధికారం చేతులు మారింది. కవిత బలమంతా అక్కడుంది.

తూర్పు జర్మనీలో రైనర్ కున్జె చేసిందీ అదే. 1976లో ఆయన పుస్తకం పశ్చిమ జర్మనీలో అచ్చయింది. పేరుకు 'అద్భుతమైన సంవత్సరాలు'. లోపల ఉన్నవి బడిపిల్లల మాటలు, పెద్దవాళ్ళ హెచ్చరికలు, చిన్న చిన్న సంఘటనలు. ఒక్కొక్కటీ అర పేజీ, ఒక పేజీ. కవి గొంతెత్తి ఒక్క తిట్టు తిట్టడు. పిల్లలు మాట్లాడింది, పెద్దలు మాట్లాడింది పక్కపక్కన పెడతాడు, అంతే. ఆ అంతేకే ప్రభుత్వానికి కంపరమెత్తింది. ఆయన్ను రచయితల సంఘం నుంచి వెళ్ళగొట్టారు. 1977లో దేశమే విడిచి పశ్చిమానికి పోవలసి వచ్చింది.

కాబట్టి వచన కవితను పరీక్షించడానికి నాకో గీటురాయి దొరికింది. ఇందులో నినాదం ఎంత ఉంది అని కాదు, ఇందులోని వచనం ఎవరిది అని అడగాలి.

ఈ గీటురాయి మీద మన దిగంబర కవుల్ని గీసి చూద్దాం. ఆరుగురిలో ఒకరైన నిఖిలేశ్వర్ పాత నల్గొండ జిల్లా వీరవెల్లివారే. 1965లో మొదటి సంపుటాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. తమ రచనల్ని పద్యమనీ గేయమనీ అనక 'దిక్కులు' అన్నారు. వాళ్ళు అరువు తెచ్చుకున్నది వీధి తిట్టు. అంతదాకా కవిత్వం గడప తొక్కనివ్వని భాషను నేరుగా నట్టింట్లోకి తెచ్చారు. పెద్దమనిషి తెలుగు ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటు అవసరమే.

కానీ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. వీధివాడు తిట్టినప్పుడు ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. వడ్డీ వ్యాపారో, అమీనో, కిరాయి ఎగ్గొట్టినవాడో. దిగంబరుల తిట్టుకు చాలా చోట్ల ఎదురుగా లోకమంతా ఉంది. లోకం మొత్తాన్ని తిడితే ఎవడికీ తగలదు. తిట్టు వీధిదే, కోపం మాత్రం చదువుకున్న యువకుడిది. ఆ అతుకు కనిపిస్తుంది. మూడు సంపుటాలు అయ్యేసరికి ఆ సంగతి వాళ్ళకే తోచినట్టుంది. 1970లో విరసం ఏర్పడినప్పుడు వాళ్ళలో నలుగురు అందులో చేరారు. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో తేల్చుకున్నారు. 1971లో ప్రభుత్వం నిఖిలేశ్వర్‌నూ, జ్వాలాముఖినీ, చెరబండరాజునూ పి.డి. చట్టం కింద జైల్లో పెట్టింది. హైకోర్టు విడిపించింది. గురి కుదిరిన వచనాన్ని ప్రభుత్వాలు విమర్శకుల కంటె ముందు గుర్తుపడతాయి. తూర్పు జర్మనీ అయినా, ఆంధ్రప్రదేశ్ అయినా.

తర్వాతి తరం మరో వచనాన్ని అరువు తెచ్చుకుంది. అరువు కాదు, ఇంట్లో ఉన్నదే బయటికి తీసింది. 2002లో అంబటి సురేంద్రరాజు, సుంకిరెడ్డి నారాయణరెడ్డి సంపాదకత్వంలో తెలంగాణ కవిత్వ సంకలనం ఒకటి వచ్చింది. దాని పేరు 'మత్తడి'. చెరువు నిండితే నీళ్ళు పొర్లే చోటు అది. ఆ పేరే సగం విమర్శ. అమ్మ మాట్లాడే మాటల్ని వేళాకోళానికి కాక కవిత్వానికి వాడుకోవడం ఆ కాలంలో బలపడింది. వచనం ఎవరిదన్న ప్రశ్నకు అది సూటి జవాబు.

అయితే యాస ఒక్కటే చాలదు. మా పాలమూరు వలసనే తీసుకోండి. ఐష్ పుస్తకం పేరులోని జంతువు మన వైపు కనపడదు గానీ, మట్టి తవ్వి బతికేవాళ్ళంటే దేశమంతా పాలమూరు లేబర్‌నే చెప్పింది. ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో వాళ్ళు మట్టి మోశారు, సొంత చెలక మాత్రం ఎండింది. ఈ వలస మీద నేను చదివిన వచన కవితలకు లెక్కలేదు. చాలా వాటిలో యాస ఉంది, కన్నీరూ ఉంది, కానీ ఏడ్చేది కవి. గుంపు మేస్త్రీ చంకలో ఒక నోటుబుక్కు ఉంటుంది. ఎవరికి ఎంత బయానా ఇచ్చాడో, ఎన్ని నెలలకు ఇచ్చాడో, రోగమొచ్చి పండిన దినాలకు ఎంత కోశాడో అందులో రాసి ఉంటుంది. ఆ నోటుబుక్కు వచనాన్ని ఎత్తుకొచ్చి కూలీ నోట్లో పెట్టిన కవి ఎవరన్నా ఉన్నారా అని వెతుకుతుంటాను. అలాంటి పేజీ ఒకటి ఎప్పుడన్నా తగిలితే దానికి పండగే.

పాటకు వ్యతిరేకంగా నేనేమీ వకాల్తా పుచ్చుకోలేదు. కేంద్ర సాహిత్య అకాడమీ 2020కి గాను తెలుగు బహుమతిని నిఖిలేశ్వర్ 'అగ్నిశ్వాస'కు ఇచ్చింది. మరుసటి ఏడు గోరటి వెంకన్న 'వల్లంకి తాళం'కు ఇచ్చింది. ఒక ఏడు నల్గొండ బిడ్డ కవితకు, ఇంకో ఏడు పాలమూరు బిడ్డ పాటకు. రెండూ బతికున్నాయన్న మాట. పాట పదిమందిని ఒకచోటికి తెస్తుంది. వచనం ఆ పదిమందిలో ఒక్కణ్ణి పక్కకు పిలిచి, నీ లెక్క ఏమిటి అని అడుగుతుంది.

ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఆ పెద్దాయనే చెప్పాడు. సమ్మేళనమయిన కొన్ని నెలలకు బస్టాండులో మళ్ళీ కలిశాడు. నన్ను గుర్తుపట్టి, "ఏం సారూ, పాటలు రాస్తున్నరా, గట్లనే చదువుతున్నరా?" అన్నాడు. బస్సు రావడానికి ఇంకా వేళ ఉంది. టీ ఇప్పించి, ఐష్ కవిత సంగతి చెప్పాను. యుద్ధం, జైలు, టోపీ, కోటు, డబ్బా, పెన్సిలు ముక్క. ఆయన టీ తాగడం మానేసి విన్నాడు.

"గది మా ఇంటి జప్తు లెక్కనే ఉన్నది" అన్నాడు.

"జప్తా?"

"లెవీ గల్లా బాకీ ఉన్నమని వచ్చిండ్రు. నాకు పది పన్నెండేండ్లు. ఒకడు చెప్పుతుంటె ఒకడు రాసిండు." ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "గంజులు రెండు. అండ్ల ఒకటి సొట్టది. తలెలు మూడు. రాగి బిందె ఒకటి. కందిలి ఒకటి. గొంగడి ఒకటి. మేక ఒకటి, సూడిది. ఇసుర్రాయి మోయరాక ఇడిచిపెట్టిండ్రు. మా నాయిన ఏలిముద్ర ఏసిండు."

ఎక్కడా తడుముకోలేదు. గొంతు పెరగలేదు, తగ్గలేదు. ఆ మేక సూడిదని చెప్పినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

"అరవై ఏళ్ళు దాటింది కదా పెద్దయ్యా, వరస తప్పకుండా ఎట్లా గుర్తుంది? ఇది పాట కాదు కదా?" అన్నాను. సమ్మేళనంలో ఓడిపోయిన అధ్యక్షుడికి ఆ మాత్రం కసి ఉండదూ?

ఆయన నా వంక వింతగా చూశాడు. "లెక్క గద సారూ. లెక్కెట్ల మరుస్తం?"

బస్సు వచ్చింది. గొంగడి సర్దుకొని లేచాడు. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి నవ్వాడు.

"అయినా సారూ, గదానికి గింత దరువు పెడితె ఇంక మంచిగుంటది."